ముగ్గురున్న ఫ్లాట్‌లోకి నాలుగో ప్రాణి

ప్రశ్న: నమస్తే అండీ. మేం ముగ్గురం కలిసి ఒక ఫ్లాట్‌లో అద్దెకు ఉంటున్నాం. ఎవరి గది వాళ్లది, హాలు, వంటగది మాత్రం అందరిదీ. కుక్కలు, పిల్లులు వద్దని ఓనర్ ముందే చెప్పేశారు. పని నుంచి ఇంటికి రాగానే ఏదో ఒక ప్రాణి కనపడితే బాగుండు అనిపిస్తోంది. అదీ అందరి దగ్గరా ఉండేది కాకుండా కాస్త వెరైటీగా ఉండాలి. షుగర్ గ్లైడర్, చిన్న తాబేలు, హెర్మిట్ క్రాబ్, లెపర్డ్ గెక్కో, ఈ నాలుగూ చూసి పెట్టుకున్నాను. ఒక ఫ్లాట్‌మేట్‌కి ఉబ్బసం ఉంది, ఇన్‌హేలర్ వాడతారు. ఇంకొకరికి నైట్ షిఫ్టులు, పైగా బల్లి అంటే చచ్చేంత భయం. నేను నెలకోసారి నాలుగైదు రోజులు ఊళ్లో ఉండను. వచ్చే ఏడాది ఉద్యోగం మారితే ఇల్లు కూడా మారాల్సి రావచ్చు. చేతిలోకి తీసుకోగలిగిన ప్రాణి అయితే మరీ సంతోషం. ఏది తెచ్చుకోమంటారు?

జవాబు: కొన్నాక కాకుండా కొనకముందే అడిగారు, సంతోషం. ఇలాంటి ఉత్తరాలు ఎక్కువగా ‘తెచ్చేశాం, ఇప్పుడేం చేయాలి’ అనే వస్తుంటాయి. కాబట్టి మొహమాటం లేకుండా చెప్పేస్తాను. మీ జాబితాలోని నాలుగింటిలో మూడు కొట్టేయండి. నాలుగోది మంచిదే, కానీ ఇప్పుడు వద్దు. మీ ఇంటికి సరిపోయేది అసలు మీ జాబితాలోనే లేదు.

ముందు షుగర్ గ్లైడర్. వీడియోల్లో అది చొక్కా జేబులోంచి తల బయటపెట్టి చూస్తుంటే ఎవరి మనసైనా జారుతుంది. కానీ ఆ వీడియోలు తీసేది దానికి నిద్ర వేళ అయిన పగటి పూట. ఆస్ట్రేలియా, న్యూగినీ అడవుల్లో చెట్టుతొర్రల్లో గుంపుగా బతికే, ఉడుతలా కనిపించే జంతువది. చీకటి పడ్డాక ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి గాల్లో తేలుతూ పోతుంది. ఒంటరిగా పెంచితే దిగులు పట్టి తన తోకను తానే కొరుక్కునే దాకా వెళ్లొచ్చు. అంటే మీరు తేవాల్సింది కనీసం రెండు. నడిరాత్రి మొరుగుతుంది, నిజంగానే మొరుగుతుంది. మగదానికి తల మీద ఒక గ్రంథి ఉంటుంది. దాన్ని రుద్దుతూ, మూత్రం చల్లుతూ తన చోటంతా గుర్తులు పెట్టుకుంటుంది. ఆ వాసన మీ గది తలుపు దగ్గర ఆగదు. తిండిలో కాల్షియం తగ్గితే వెనక కాళ్లు చచ్చుబడతాయి. పదేళ్లకు పైగా బతికే జంతువు ఇది. వచ్చే ఏడాది ఎక్కడుంటారో తెలియని మనిషి దీని జోలికి పోకూడదు.

చిన్న తాబేలు చిన్నదిగా ఉండదు. అరచేతిలో ఇమిడే ఆ ఆకుపచ్చ పిల్ల సాధారణంగా చెవుల దగ్గర ఎర్ర చార ఉండే రెడ్ ఇయర్డ్ స్లైడర్ అయి ఉంటుంది. ఆడది పెరిగితే డిప్ప 25 నుంచి 30 సెంటీమీటర్లు అవుతుంది, 20, 30 ఏళ్లు బతుకుతుంది. అప్పటికి దానికి కావాల్సింది పెద్ద తొట్టి, ఎండ కాగడానికి దీపం, వారం వారం బకెట్ల కొద్దీ నీళ్లు మార్చే ఓపిక. వాసన సంగతి వేరే చెప్పాలా? ఇంకా ముఖ్యమైనది సాల్మొనెల్లా. తాబేలు ఆరోగ్యంగా కనిపిస్తూనే ఆ బ్యాక్టీరియాను మోస్తూ ఉంటుంది. పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారనే అమెరికాలో 1975లో 4 అంగుళాల లోపు డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్నే నిషేధించారు. మీ ఇంట్లో చిన్నపిల్లలు లేరు, నిజమే. కానీ ఆ తొట్టి ఎక్కడ కడుగుతారు? ముగ్గురూ గిన్నెలు కడుక్కునే సింకులోనే కదా.

హెర్మిట్ క్రాబ్, అదే సన్యాసి పీత, చూడ్డానికి పనే లేని ప్రాణి. చిన్న డబ్బా, రంగు వేసిన గవ్వ, గుప్పెడు ఇసుక ఇచ్చి అమ్మేస్తారు. అన్నింటికన్నా ఎక్కువ కోపం తెప్పించే అమ్మకం ఇదే. ఆ పీత నేల మీద బతకడానికి వీలుగా మారిన మొప్పలతో గాలి పీలుస్తుంది. గాల్లో తేమ తగ్గితే రోజుల తరబడి మెల్లగా ఊపిరాడక చస్తుంది. మనకేమో కదలకుండా బుద్ధిగా కూర్చున్నట్టు కనిపిస్తుంది. కుబుసం విడవాలంటే తన ఒళ్లంతా మునిగేంత లోతు తడి ఇసుకలోకి దూరి వారాల తరబడి అక్కడే ఉండాలి. వీటి పిల్లలు సముద్రంలో పెరగాలి కాబట్టి ఇళ్లల్లో వీటిని పుట్టించడం చాలా అరుదు. అమ్మకానికి వచ్చేవి దాదాపు అన్నీ తీరాల్లో ఏరి తెచ్చినవే. దశాబ్దాలు బతకగలిగిన జీవాన్ని ఆరు నెలల ముచ్చటకు తెచ్చుకోవడం నాకైతే నచ్చదు.

ఇక లెపర్డ్ గెక్కో. నాలుగింటిలో మీరు సరిగ్గా ఎంచుకున్నది ఇదొక్కటే. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, ఇరాన్ వైపు ఎండిపోయిన రాతి నేలల్లో ఉండే బల్లి ఇది. గోడ బల్లిలా కాదు, దీనికి కనురెప్పలుంటాయి, నిదానంగా రెప్ప వేస్తుంది. వేళ్లకు అంటుకునే మెత్తలు లేవు కాబట్టి అద్దం ఎక్కలేదు. కొవ్వంతా తోకలో దాచుకుంటుంది. పెద్దదైతే రెండు మూడు రోజులకోసారి తిండి చాలు. అరుపు, వాసన దాదాపు ఉండవు. నెమ్మదిగా అలవాటు చేస్తే అరచేతి మీద నిలబడుతుంది కూడా. మరి ఎందుకు వద్దంటున్నాను? మొదటిది, 15, 20 ఏళ్లు బతుకుతుంది. రెండోది, దానికి బతికున్న పురుగులే కావాలి. కీచురాళ్లు తెస్తే అవి రాత్రంతా కూస్తాయి, ఒకటి తప్పించుకుంటే ఫ్రిజ్ వెనక చేరి వారం రోజులు కచేరీ చేస్తుంది. పిండిపురుగులు మౌనంగానే ఉంటాయి కానీ ఆ డబ్బాను ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెడతానని ఫ్లాట్‌మేట్స్‌తో చెప్పి చూడండి. మూడోది, అన్నింటికంటే పెద్దది, బల్లి అంటే చచ్చేంత భయమని మీరే రాశారు. అద్దాల పెట్టెలో, తాళం వేసిన గదిలో ఉన్నా అది ఇంట్లో ఉందన్న ఊహే వాళ్ల నిద్ర చెడగొడుతుంది. నైట్ షిఫ్ట్ చేసి తెల్లారి వచ్చి పడుకునే మనిషికి ఆ టెన్షన్ పెట్టడం న్యాయం కాదు. సొంతంగా ఇల్లు తీసుకున్నాక తెచ్చుకోండి. అప్పుడు దాని సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.

గ్లైడర్‌ను వదిలేస్తే, అందరూ అడిగే హామ్‌స్టర్, గినీ పిగ్, ఎలుక వంటి బొచ్చు జంతువులను మీరు జాబితాలో పెట్టుకోలేదు. మంచిదే. ఉబ్బసం ఉన్న మనిషి పక్క గదిలో ఉండగా వాటి మాట ఎత్తకూడదు. ‘బొచ్చు లేని రకం తెస్తే సరిపోతుంది కదా’ అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఎలర్జీ తెప్పించేది వాటి మూత్రంలో, లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉండే ప్రోటీన్లు. అవి పరుపుగా వేసిన రంపపు పొట్టులో ఆరి, దుమ్ముతో కలిసి గాల్లోకి లేస్తాయి. బోడి ఎలుక కూడా మూత్రం పోస్తుంది కదా.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ ఉబ్బసం సమస్య లేకపోతే, చేతిలోకి తీసుకోవాలన్న మీ కోరికకు నేను ఏ గ్లైడర్లూ గెక్కోలూ చెప్పేదాన్ని కాదు. రెండు ఆడ ఎలుకలను తెచ్చుకోమని చెప్పేదాన్ని. చిన్న ప్రాణుల్లో మనిషిని గుర్తుపట్టి, పిలిస్తే వచ్చి, మన చేతి స్పర్శను నిజంగా కోరుకునేవి అవే. తక్కినవాటిలో చాలావరకు మన స్పర్శను సహిస్తాయి, అంతే. గెక్కో మీ అరచేతిలో కదలకుండా ఉందంటే మీ మీద ప్రేమ అనుకోనక్కర్లేదు, మీ చేయి వెచ్చగా ఉంది. అందుకని మిమ్మల్ని మీరు ఒకటి అడిగి చూసుకోండి. మీకు కావాల్సింది తాకడమా, చూస్తూ కూర్చోవడమా? ఇంటికి రాగానే ఒక ప్రాణి ‘కనపడితే’ బాగుండు అని రాశారు. ఆ మాట పట్టుకునే నేను ముందుకు వెళ్తున్నాను.

పంచుకునే ఇంట్లో ప్రాణిని పెంచడం గురించి మాట్లాడేటప్పుడు అందరూ గోల, వాసన, అద్దె ఒప్పందం అంటారు. అసలు ప్రమాదాన్ని ఎవరూ తలచుకోరు. అది వంటగది అల్మరాలో కింది అరలో ఉంటుంది. బొద్దింకల స్ప్రే డబ్బా. ఒకరోజు రాత్రి ఫ్లాట్‌మేట్ నీళ్లు తాగడానికి లేస్తారు, సింకు పక్కన బొద్దింక కనపడుతుంది, చేతికందిన స్ప్రే కొడతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల ఇల్లు కూడా అది. కానీ ఆ మందుల్లో ఎక్కువగా ఉండే పైరెత్రాయిడ్లు పురుగులకు, సాలీళ్లకు, రొయ్యలకు, చేపలకు విషం. మన ముక్కుకు వాసన తెలియనంత మోతాదు చాలు. దోమల మందు, సామూహికంగా అపార్ట్‌మెంట్ మొత్తానికి కొట్టించే పెస్ట్ కంట్రోల్, పక్కింటి బాల్కనీలోంచి వచ్చే పొగ, అన్నీ ఇదే లెక్క. కాబట్టి మీ గదిలో మీరేం పెంచినా, ఇంట్లో మందు కొట్టేముందు మీకు ఒక్క మెసేజ్ పెట్టే ఒప్పందం లేకపోతే ఆ ప్రాణి ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. మీరు మీ ఫ్లాట్‌మేట్స్‌ని అడగాల్సింది ‘పెంచుకోవచ్చా’ అని కాదు. దానికి ఎవరైనా మొహమాటానికి ‘పర్లేదు’ అనేస్తారు. ‘మందు కొట్టేముందు చెప్తారా, స్ప్రే బదులు జెల్, ఎర డబ్బాలు పెడదామా’ అని అడగండి. వాళ్లు ఇచ్చే జవాబును బట్టి వాళ్లకు నిజంగా ఇష్టమో కాదో తెలిసిపోతుంది.

సరే, నా సలహా చెర్రీ ష్రింప్. మంచినీటి బుల్లి ఎర్ర రొయ్యలు.

నవ్వకండి. రొయ్య పెంపుడు జంతువేంటి అని నాతో అన్నవాళ్లే తర్వాత ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఇవి తైవాన్, చైనా ప్రాంతాల వాగుల్లోవి. అక్కడ మట్టి రంగులో, సగం పారదర్శకంగా ఉంటాయి. మనకు దొరికే ఎరుపు మాత్రం, పెంపకందారులు తరాల తరబడి ఎంచి ఎంచి తెచ్చింది. పెద్దవైతే రెండున్నర, మూడు సెంటీమీటర్లు. ఆడది పెద్దది, రంగు గాఢం. ముందు కాళ్ల చివర చిన్న కుంచెల్లాంటి వెంట్రుకలుంటాయి. వాటితో ఆకు మీది పాచిని ఒక్క క్షణం కూడా ఆపకుండా రెండు చేతులా గీకి నోట్లో పెట్టుకుంటుంది. చూస్తూ ఉంటే అరగంట ఎలా పోయిందో తెలియదు. కుబుసం విడిచినప్పుడు మీసాలతో సహా ఒంటి ఆకారమంతా గాజుబొమ్మలా ట్యాంకులో పడి ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు చచ్చిపోయిందనుకుని కంగారు పడతారు. దాన్ని తీసేయకండి, అవే తిని కాల్షియం వెనక్కి రాబట్టుకుంటాయి. గుడ్లు పెట్టడానికి సిద్ధమైన ఆడది కుబుసం విడిచిన రోజు చూడాలి, మగవన్నీ ఏదో కబురందినట్టు ట్యాంకంతా పరుగులు పెడతాయి. తర్వాత ఆ ఆడది పొట్ట కింద పాతిక, ముప్ఫై గుడ్లను అతికించుకుని మూడు నాలుగు వారాలు మోస్తుంది, ఈత కాళ్లతో వాటికి ఎప్పుడూ నీటిని విసురుతూనే ఉంటుంది. పొదిగాక వచ్చేవి లార్వాలు కావు, అచ్చంగా తల్లిలాగే ఉండే మిల్లీమీటర్ల రొయ్యలు.

ఇప్పుడు మీ ఇంటి లెక్కలు చూడండి. బొచ్చు లేదు, పొట్టు లేదు. అరుపు లేదు. సరిగ్గా నడిచే ట్యాంకుకు వానలో తడిసిన మట్టి వాసన తప్ప ఇంకేమీ ఉండదు. వాటి ఆయుష్షు ఏడాది, రెండేళ్లు. మీ పరిస్థితిలో ఇది లోపం కాదు, నేను దీన్ని ఎంచుకున్నదే అందుకు. నాలుగైదు రోజులు మీరు లేకపోతే ఎవరినీ బతిమాలక్కర్లేదు. పాచి పట్టిన ట్యాంకులో అన్ని రోజులకు తిండి దానంతటదే ఉంటుంది. నిజానికి ఊరెళ్తూ ‘కాస్త మేత వేయండి’ అని ఫ్లాట్‌మేట్‌కి అప్పగిస్తేనే ప్రమాదం. జాలిపడి డబ్బా సగం ఒంపేస్తారు, అది కుళ్లి నీళ్లు పాడవుతాయి. రొయ్యలు ఆకలికి చచ్చేది తక్కువ, ఎక్కువ మేతకు చచ్చేది ఎక్కువ.

ట్యాంకు 20 లీటర్లకు తగ్గకుండా తీసుకోండి. ఇంకా చిన్నది ముద్దుగా ఉంటుంది కానీ నీళ్లు తక్కువైతే చిన్న పొరపాటు కూడా వెంటనే విషమవుతుంది. 20 లీటర్ల నీళ్లంటేనే 20 కిలోలు, గాజు, ఇసుక కలిపితే పాతిక పైన. మడత టేబుల్ మీద పెట్టొద్దు. కిటికీ ఎండ నేరుగా పడే చోట పెట్టొద్దు, నీళ్లు వేడెక్కుతాయి, పాచి అదుపు తప్పుతుంది. నీళ్లు 20 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంటే వాటికి హాయి. 30 దాటితే నీటిలో ఆక్సిజన్ తగ్గి ఇబ్బంది పడతాయి, ఫ్యాన్ గాలి నీటి పైభాగానికి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఫిల్టర్ అంటే గాలి పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ చాలు. మామూలు ఫిల్టర్లు రొయ్య పిల్లల్ని లోపలికి లాగేస్తాయి. ఆ పంపు గుయ్‌మనే శబ్దం మీ పక్క గదిలో పగలు పడుకునే మనిషికి వినపడకూడదంటే కింద దళసరి స్పాంజ్ ముక్క వేయండి, గోడకు ఆనించకండి. పంపును నీటి మట్టానికి పైన పెట్టండి, లేదా గొట్టంలో వెనక్కి రానివ్వని చిన్న వాల్వ్ బిగించండి. కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి కారి నేలంతా తడవకుండా ఉండటానికి. మొక్కలు ఎక్కువ, రొయ్యలు తక్కువ ఉన్న ట్యాంకు కొన్ని గంటలు కరెంటు లేకపోయినా తట్టుకుంటుంది.

అందరూ తడబడేది ఓపిక దగ్గర. ట్యాంకు, రొయ్యలు ఒకే రోజు కొనకండి. ట్యాంకు పెట్టి, నీళ్లు నింపి, మొక్కలు నాటి, ఫిల్టర్ ఆన్ చేసి, చిటికెడు మేత వేస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు ఖాళీగా నడవనివ్వాలి. కుళ్లే మేత నుంచి, విసర్జన నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ కొంచెం ఉన్నా రొయ్యలకు విషమే, మూడోది మరీ పెరగనంతవరకు పర్లేదు. ఆ బ్యాక్టీరియా స్పాంజిలో స్థిరపడటానికే ఇంత కాలం. నీటిలో మందు చుక్కలు వేసి పరీక్షించే టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కోండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరసగా సున్నా చూపించాకే రొయ్యలు తేవాలి. ఖాళీ నీళ్ల పెట్టెను నెల పైగా చూస్తూ కూర్చోవడం పిచ్చిపనిలా ఉంటుంది, ఫ్లాట్‌మేట్స్ జోకులు కూడా వేస్తారు. వేయనివ్వండి. ఈ నెల ఇంకో రకంగా కూడా పనికొస్తుంది. మందు కొట్టేముందు మెసేజ్ పెట్టే ఒప్పందం నిజంగా నడుస్తోందా లేదా అన్నది ఏ ప్రాణమూ పోకుండానే తేలిపోతుంది.

పది రొయ్యలతో మొదలుపెట్టండి. తెచ్చిన సంచిలోంచి నేరుగా పోసేయకండి. ఒక గిన్నెలో వాటి నీళ్లతోనే ఉంచి, సన్నని గొట్టంతో మీ ట్యాంకు నీటిని చుక్క చుక్కగా గంటన్నర పాటు కలపండి. నీటి మార్పు ఒక్కసారిగా జరిగితే వేళ కాని వేళ కుబుసం విడవబోయి చస్తాయి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ తీసే మందు కలపాల్సిందే. వారానికి పదో వంతు నీళ్లు మారిస్తే చాలు. రాగి వీటికి విషం, కాబట్టి చేపల జబ్బులకు వాడే మందులు ఏవీ లేబుల్ చదవకుండా ఈ ట్యాంకులో పోయకండి. మేత రెండు గంటల్లో అయిపోయేంత, వారానికి రెండు మూడుసార్లు. మిగిలింది తీసేయండి. ఎండబెట్టిన ఎర్ర పురుగులు, అదే బ్లడ్‌వర్మ్స్, మాత్రం ఇంట్లోకి తేవద్దు. ఆ పొడికి కొంతమందికి గట్టి ఎలర్జీ వస్తుంది, మీ ఇంట్లో ఇన్‌హేలర్ ఉంది.

బెట్టా చేపను కూడా కలిపి వేస్తే ట్యాంకు అందంగా ఉంటుందని షాపులో చెప్తారు. దానికి అందం కాదు, భోజనం కనపడుతుంది.

అన్నీ కుదిరితే ఆరు నెలల్లో పది కాస్తా లెక్కపెట్టలేనన్ని అవుతాయి. అప్పుడు మిగులును ఇంకో పెంపకందారుకు ఇవ్వండి. చెరువులో, కాలువలో వదలొద్దు. ఇంటి ట్యాంకుల నుంచి బయటపడి కొత్త దేశాల నీళ్లలో స్థిరపడిన జీవాల్లో ఇవీ ఉన్నాయి. మొక్కలు కత్తిరించినా అంతే, చెత్తబుట్టలో వేయండి, సింకులో కాదు.

నీళ్లంటే మీకు పడకపోతే ఇంకో దారి ఉంది, గెంతే సాలీడు. దీని గురించి పేజీలు రాయొచ్చు, కానీ మీ ఇంట్లో బల్లికి భయపడే మనిషి సాలీడును ముద్దు చేస్తారన్న నమ్మకం నాకు లేదు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఎనిమిది కళ్లలో ముందున్న రెండూ పెద్దవి. మీరు గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే ఒళ్లు తిప్పి మరీ మిమ్మల్ని చూస్తుంది. చేతి మీదికి గెంతేవీ ఉంటాయి. పెద్ద గ్లాసంత పెట్టె చాలు. తలుపు మాత్రం పైన కాకుండా కింది వైపు ఉన్న పెట్టె తీసుకోవాలి, ఎందుకంటే పై మూలలోనే గూడు అల్లుకుంటుంది, మూత తీసిన ప్రతిసారీ దాని ఇల్లు చిరుగుతుంది. రెండు మూడు రోజులకోసారి ఒక ఈగ. ఏడాది, కాస్త ఎక్కువ బతుకుతుంది. పుల్ల పురుగులూ బాగుంటాయి, ఆకులు తింటాయి, అచ్చం ఎండుపుల్లలా వేలాడతాయి. కానీ కొన్ని దేశాల్లో పంటల తెగులు భయంతో వాటిని పెంచడానికి అనుమతి కావాలి. వాటిలో చాలా రకాల ఆడవి మగ తోడు లేకుండానే గుడ్లు పెడతాయి, ఊడ్చిన గుడ్లను ఫ్రీజర్‌లో పెట్టి చంపాకే పారేయాలి. ఆ ఫ్రీజర్ ముగ్గురిదీ అని గుర్తుంచుకోండి.

ఏది తెచ్చినా ఓనర్‌కి ఒక మాట రాతలో పెట్టండి. ‘కుక్కలు, పిల్లులు వద్దు’ అన్నారు కాబట్టి మిగతావన్నీ చెల్లుతాయని అనుకోకండి. ‘నా గదిలో 20 లీటర్ల చిన్న అక్వేరియం పెట్టుకుంటున్నాను’ అని మెసేజ్ పెట్టి, సరే అన్న జవాబు దాచుకోండి. చాలామంది దీనికి అభ్యంతరం చెప్పరు. చెప్తే ముందే తెలియడం నయం.

హాల్లో పెట్టాలా, మీ గదిలోనా అని మీరు అడగలేదు కానీ ఆ ప్రశ్న వస్తుంది, ఎందుకంటే ట్యాంకు పచ్చబడ్డాక ఫ్లాట్‌మేట్సే హాల్లో పెట్టమంటారు. ఒప్పుకోకండి. హాల్లో పెట్టిన రోజు నుంచి దాని మీద పెత్తనం ముగ్గురిదీ, పని మాత్రం మీదే. పైగా స్ప్రేలు, అగరుబత్తులు, పార్టీలో ఎవరో గ్లాసులో మిగిలింది ఒంపడం, అన్నీ హాల్లోనే జరుగుతాయి. చూడాలనుకున్నవాళ్లు మీ గదిలోకి వచ్చి చూస్తారు.

ఇల్లు మారాల్సి వస్తే కంగారు పడక్కర్లేదు. ముందు రోజు మేత ఆపేయండి. ట్యాంకు నీళ్లు సగం రెండు మూత డబ్బాల్లోకి తీసుకోండి. ఒకదాంట్లో రొయ్యలతో పాటు కొంచెం నాచు వేయండి, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటే అవి కుదురుగా ఉంటాయి. రెండోదాంట్లో ఫిల్టర్ స్పాంజ్ మునిగేలా పెట్టండి. అది ఎండితే బ్యాక్టీరియా చచ్చి, మళ్లీ మొదటి నుంచి ఆరు వారాలు కూర్చోవాలి. ట్యాంకును తడి ఇసుక అడుగున ఉండగా ఎత్తొద్దు, అడుగు అద్దం పగులుతుంది. ఇసుకను బకెట్‌లోకి ఎత్తేసి ఖాళీ ట్యాంకునే తీసుకెళ్లండి. కొత్త ఇంట్లో మంచం బిగించేలోపే దాన్ని నిలబెట్టి, పాత నీళ్లు పోసి, ఆ పాత స్పాంజే పెట్టండి. చూడ్డానికి మురికిగా ఉందని ఎవరైనా కుళాయి కింద కడగబోతే చేతిలోంచి లాక్కోండి.